డ్రమ్ము నడిచింది, బ్యాండు నిలిచిపోయింది

ప్రశ్న: మేము నలుగురు స్నేహితులం కలిసి ఒక రాక్ బ్యాండు పెట్టుకున్నాము. అది ఎనిమిది నెలలు బ్రతికి, మూడే ప్రదర్శనలిచ్చి ఆగిపోయింది. అందులో నేను బేస్ గిటార్ వాయించేవాణ్ణి. మొదటి ప్రదర్శనలో మేము పాట ఎత్తుకోకముందే మైకు కీచుమని కూయడం మొదలుపెట్టి, మొదటి పాట సగానికి వచ్చేదాకా ఆగలేదు. అది మేము కావాలని పెట్టుకున్న ఆరంభ సంగీతమనుకుని జనం చప్పట్లు కొట్టారు. రెండవ ప్రదర్శన చలికాలపు సాయంత్రం ఆరుబయట జరిగింది. ఇంట్లో జాగ్రత్తగా శ్రుతి చేసి తెచ్చుకున్న రెండు గిటార్లూ వేదిక ఎక్కేసరికి ఒకదానితో ఒకటి పొసగలేదు. పాదంతో వాయించే పెద్ద డ్రమ్ము, అంటే బేస్ డ్రమ్ము, పాటకు జానెడు చొప్పున ముందుకు జరుగుతూ మూడవ పాటలో గాయకుడి మడమలను తాకింది. అతడు జరిగాడు, డ్రమ్ము మళ్ళీ జరిగింది, చివరకు ఇద్దరూ వేదిక అంచుకు చేరుకున్నారు. ఆ రోజు నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల్లో ముగిసిపోయింది. చేతి గడియారం చూశాను కనుక ఖచ్చితంగా చెప్పగలను. మూడవ ప్రదర్శన నాటికి మా గిటారిస్టు తన 50 వాట్ల యాంప్లిఫయర్ అమ్మేసి 100 వాట్లది కొన్నాడు. అది పాటకూ పాటకూ మధ్య తుమ్మెదలా ఝుమ్మంటూనే ఉంది. ఆ పైన, గాయకుడు గిటార్ తగిలించుకుని మైకుకు పెదవులు ఆనించగానే షాక్ కొట్టి గట్టిగా అరిచాడు. ఆ అరుపు సరిగ్గా పల్లవి అందుకోవలసిన చోట పడింది కనుక దానికీ చప్పట్లు వచ్చాయి.

తప్పు ఎవరిదన్న వాదన ఆ రాత్రే మొదలై, ఉమ్మడిగా కొన్న మిక్సర్ (మైకుల, వాయిద్యాల శబ్దాలను కలిపి హెచ్చుతగ్గులు సరిచేసే పెట్టె) ఎవరింట్లో ఉండాలన్న వాదనగా మారి, దానితోనే బ్యాండు ముగిసింది. మూడేళ్ళ తరువాత ఇప్పుడు గాయకుడు ఫోన్ చేసి మళ్ళీ మొదలుపెడదామంటున్నాడు. స్నేహితులు ఎక్కడ కలిసినా మా డ్రమ్ము వేదిక మీది నుంచి దూకి పారిపోయిందని చెప్పుకుని నవ్వుతారు. నిజానికి అది అంచు దగ్గరే ఆగింది. మాకు సంగీతం రాకపోవడమే దీనంతటికీ కారణమా? మళ్ళీ వెళ్ళమంటారా, ఇంతటితో మరిచిపొమ్మంటారా?

సమాధానం: రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్లు, మీరు ఈ సంగతి సరిగ్గా నాబోటివాడికే వ్రాశారు. నేనూ ఒకప్పుడు ఇటువంటి బ్యాండులో డ్రమ్స్ వాయించినవాణ్ణే. మా బ్యాండు మీ బ్యాండంత కాలం కూడా బ్రతకలేదు. ఆ తరువాత వాయించడం మానుకుని, ఇతరుల బ్యాండులకు మిక్సర్ దగ్గర నిలబడే పనిలో చాలాకాలం గడిపాను. కనుక ఇకపై చెప్పేవాటిలో కొన్ని నేను చేసిన తప్పులు, మిగిలినవి ఇతరులు చేస్తుండగా నేను చూసినవి.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, అందుకు మన్నించాలి. రెండవసారి చదివినప్పుడు ఒక సంగతి గమనించాను. అందులో మైకు ఉంది, యాంప్లిఫయర్ ఉంది, డ్రమ్ము ఉంది, మిక్సర్ ఉంది, చివరకు చేతి గడియారం కూడా ఉంది. కానీ ఫలానావారు స్వరం తప్పారనో, గాయకుడు చరణం మరిచిపోయాడనో ఒక్క మాటైనా లేదు. వాయించడం చేతకాని బ్యాండు గురించి వ్రాసేవారెవరైనా ముందుగా వ్రాసేది అదే. ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెత. మీ విషయంలో మాత్రం మద్దెల నిజంగానే ఓడుగా ఉంది. దాన్ని తట్టి చూడకుండా మీరు నలుగురూ ఆడడం నీకు రాదంటే నీకు రాదని ఒకరినొకరు నిందించుకున్నారు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు, కాదు అని. మీ బ్యాండులో వాయించేవారు నలుగురున్నారు, వినేవారు ఒక్కరూ లేరు. నలుగురూ వేదిక మీదే ఉన్నారు; వేదిక కింద జనానికి ఏమి వినబడుతోందో, ఏమి కనబడుతోందో చూసి, సమయానికి చేయి ఎత్తి ఆపగల అయిదవ మనిషి లేడు. మీరు చెప్పిన ఒక్కొక్క ఉపద్రవాన్నీ తిరగేసి చూస్తే ఆ మనిషి నిలబడవలసిన ఖాళీ చోటే కనబడుతోంది.

మైకు కీచుమనడంతో మొదలుపెడదాము. దీన్ని సౌండు పనివారు ఫీడ్‌బ్యాక్ అంటారు. డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీదుగా దీనికి లార్సెన్ ఎఫెక్ట్ అన్న పేరు కూడా ఉంది. మైకులో పడిన శబ్దం యాంప్లిఫయర్‌లో పెరిగి స్పీకర్ నుంచి వెలువడుతుంది; ఆ శబ్దమే మళ్ళీ మైకులో పడితే ఇంకా పెరిగి మళ్ళీ వెలువడుతుంది. ఇలా ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి బలం ఏమాత్రం తగ్గకుండా ఉండే స్వరం ఏదైనా ఒకటి దొరికితే చాలు, ఎవరూ నోరు విప్పకపోయినా ఆ స్వరం తనంతట తానే కూస్తూ పోతుంది. మీరు పాట ఎత్తుకోకముందే అది మొదలైందంటే, స్పీకర్లను మీ వెనుక గానీ మీ వరుసలో గానీ నిలబెట్టి ఉంటారని నా ఊహ. మనకు మనం వినబడాలన్న ఆశతో అలా పెట్టుకోవడం మొదటిసారి వేదిక ఎక్కే బ్యాండులకు మామూలే. జనం వైపు తిరిగిన స్పీకర్లు ఎప్పుడూ మైకుల వరుస కంటే ముందుండాలి. పాటకు వాడే మైకులలో ఎక్కువభాగం కార్డియాయిడ్ రకానివి. అవి ఎదుటి నుంచి వచ్చే శబ్దాన్ని బాగా అందుకుని, వెనుక నుంచి వచ్చేదాన్ని చాలావరకు వదిలిపెడతాయి. అందువల్ల గాయకుడు తన గొంతు తాను వినడానికి పెట్టుకునే చిన్న స్పీకర్, అంటే మానిటర్, మైకు తోక చూపే వైపున ఉండాలి.

ఇక్కడ నాకొక అనుమానం ఉంది. కీచు మొదలవగానే మీ గాయకుడు దాన్ని నొక్కేద్దామని మైకు తలను గుప్పిట్లో బిగించి ఉంటాడు. నోరు మూస్తే ఏడుపు ఆగుతుందన్నట్లుగా అందరికీ ముందు తోచే ఉపాయం అదే. కానీ మైకు తల మీది జాలీ వెనుక భాగం తెరిచి ఉంటేనే మైకు వెనుక నుంచి వచ్చే శబ్దాన్ని వదిలిపెట్టగలదు. చేత్తో మూసేస్తే ఆ గుణం పోయి అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది. అగ్నిలో ఆజ్యం పోయడమంటే అదే. సగం పాట దాకా కీచు ఆగకపోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తోచడం లేదు. మైకు కడ్డీని పట్టుకుని, నోటిని దగ్గరగా తెచ్చి, మిక్సర్ మీద ఆ మైకు మీటను కిందికి దించి ఉంటే సరిపోయేది. నోటికీ మైకుకూ దూరం సగానికి తగ్గితే అందులో పడే గొంతు సుమారు 6 డెసిబెళ్ళు (డెసిబెల్ అంటే శబ్దపు బలానికి కొలత) పెరుగుతుంది, ఆ మేరకు యాంప్లిఫయర్‌కు పని తగ్గుతుంది.

స్పీకర్లను వెనుక పెట్టుకోవడం మూర్ఖత్వమేమీ కాదు, ఖరీదైన కోరిక మాత్రమే. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండు తన స్పీకర్లన్నింటినీ గోడలా వెనుకే పేర్చుకుని వాయించింది. కీచు రాకుండా ఉండడానికి ఒక్కొక్క గాయకుడికీ రెండేసి మైకులను జతగా పెట్టి, ఒకదాని సంకేతాన్ని రెండవదానికి వ్యతిరేకంగా కలిపారు. గోడ నుంచి వచ్చి రెండింటిలోనూ సమానంగా పడే శబ్దం కొట్టుకుపోయి, ఒకదాని దగ్గరే నోరు పెట్టి పాడిన గొంతు మిగిలేది. ఆ గోడను మోసుకు తిరగడం, నిలబెట్టడం, విప్పడం ఎంత భారమైందంటే ఆ ఏడాదితోనే దాన్ని వదులుకున్నారు. మీకు అంత అవసరం లేదు. స్పీకర్లను నాలుగడుగులు ముందుకు జరపండని కింద నుంచి కేక వేసే మనిషి ఒకరుంటే చాలు.

గిటార్ల శ్రుతి విషయంలో తప్పు చలిది, మీది కాదు. వెచ్చని గదిలో శ్రుతి చేసిన ఉక్కు తీగ చలిగాలి తగలగానే కుంచించుకోజూస్తుంది; రెండు చివరలూ బిగించి ఉన్నందువల్ల కుంచించుకోవడానికి చోటు లేక బిగువు పెరిగి, శ్రుతి పైకి పోతుంది. తీగల మందాలు వేరు, రెండు గిటార్ల కొయ్యా వేరు కనుక అన్నీ ఒకే మేరకు పెరగవు. 110 హెర్ట్జ్, అంటే సెకనుకు 110 కంపనాలు, పలకవలసిన అయిదవ తీగ ఒక గిటార్ మీద అక్కడే ఉండి, రెండవ గిటార్ మీద 112కు చేరిందనుకోండి. రెండూ కలిపి మీటినప్పుడు శబ్దం సెకనుకు రెండుసార్లు పొంగి కుంగుతుంది. జనం దాన్ని అలలని అనరు, అపశ్రుతి అంటారు. గిటార్లను పెట్టెల్లోంచి తీసి వేదిక మీద ఇరవై నిమిషాలు ఊరికే ఉంచి, ఆ తరువాత అక్కడే శ్రుతి చేయాలి. మొదటి రెండు పాటల తరువాత మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. ఇద్దరి ట్యూనర్లూ ఒకే కొలతకు ఉన్నాయో లేదో కూడా చూడండి. ప్రామాణికంగా 440 హెర్ట్జ్ ఉండవలసిన చోట ఎవరి వేలో తగిలి 442కు మారిన ట్యూనర్‌తో ఒక గిటారిస్టు సాయంత్రమంతా ఎంతో శ్రద్ధగా తప్పు శ్రుతి చేసుకోవడం నేను చూశాను.

డ్రమ్ము నడకకు కారణం చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. పాదంతో నొక్కిన ప్రతిసారీ సుత్తి డ్రమ్మును ముందుకే నెడుతుంది; నున్నని నేల దాన్ని ఆపదు. డ్రమ్ముకు ముందువైపు రెండు పక్కలా ఉండే ఇనుప కాళ్ళను బయటికి తీసి నేలకు ఆనించి, దాని కిందా, వాయించేవాడి కుర్చీ కిందా కూడా పరుచుకునేటంత పెద్ద కార్పెట్ వేస్తే వాయించేవాడి బరువే డ్రమ్మును పట్టి ఉంచుతుంది. ఈ జ్ఞానం నాకు ఆలస్యంగా కలిగింది. మా రోజుల్లో నేను కార్పెట్ బదులు తాడు తెచ్చి, డ్రమ్మును నా కుర్చీ కాళ్ళకు గట్టిగా కట్టేసి, సమస్య తీరిందని మురిసిపోయాను. ఆ రాత్రి డ్రమ్మూ, కుర్చీ, నేనూ కలిసి ముందుకు వెళ్ళాము. మీ డ్రమ్ము ఒంటరిగా నడిచింది కనుక మా కంటే మీరే నయం.

నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల్లో ముగియడం మాత్రం అంత తేలిక విషయం కాదు. ఆ పాట నిమిషానికి 120 దెబ్బల కాలప్రమాణంలో ఉందనుకుంటే మొత్తం 480 దెబ్బలు. వాటిని మూడు నిమిషాల్లో కొట్టారంటే నిమిషానికి 160 పడ్డాయన్నమాట. గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో నాకు అంతుబట్టడం లేదు. భయంతో గుండె వేగం పెరిగినప్పుడు మామూలు వేగం నత్తనడకలా తోస్తుంది, అందుకని డ్రమ్మర్ తెలియకుండానే తోలుతాడు, మిగిలినవారు వెనుకబడకూడదని పరుగెత్తుతారు, వారు పరుగెత్తుతున్నారని అతడు ఇంకా తోలుతాడు. దీనికి మందు పాటంతా తాళపు వేగం చూపే మెట్రోనోమ్ యంత్రం పెట్టుకోవడం కాదు. పాట ఎత్తుకునే ముందు డ్రమ్మర్ మెట్రోనోమ్ దీపాన్ని ఒక పది సెకన్లు చూసి, పల్లవిలో మొదటి పంక్తిని మనసులో పాడుకుని, అప్పుడు కర్రలు తట్టి లెక్క చెప్పడం. గాయకుడు మనసులో పాడుకుంటే ఎప్పుడూ తన ఊపిరికి తగిన వేగమే వస్తుంది కనుక, ఆ లెక్క అతడే చెప్పినా మంచిదే.

వేగం తప్పడానికి మరొక కారణం ఒకరికొకరు వినబడకపోవడం. ఇది చిన్న బ్యాండుల జబ్బని అనుకోకండి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ వాయించినప్పుడు యాభై అయిదు వేలమందికి పైగా జనం పెట్టిన కేకల్లో వారి పాట వారికే వినబడలేదు. ఇప్పుడు ప్రతి వేదిక మీదా ఉండే మానిటర్లు అప్పుడు లేవు. అటువంటి ప్రదర్శనలలో ముందు నిలబడ్డ ముగ్గురూ ఎలా కదులుతున్నారో వెనుక నుంచి చూసి, పాటలో ఎక్కడున్నామో పోల్చుకునేవాడినని డ్రమ్మర్ రింగో స్టార్ తరువాత చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులోనే వారు టిక్కెట్టు ప్రదర్శనలకు స్వస్తి చెప్పారు. మీ డ్రమ్మర్‌కు మాత్రం చూసి పోల్చుకోవడానికి గాయకుడి వీపు మరీ దగ్గరగానే ఉండింది.

ఇక 100 వాట్ల యాంప్లిఫయర్. అది కొన్నందుకు మీ గిటారిస్టును ఎవరూ తప్పుపట్టనక్కరలేదు, ఆ ఆశ అందరికీ ఉంటుంది. వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపయినట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెళ్ళు, అంటే పదింతల వాట్లు కావాలి. అతడు అమ్మి కొన్నదానికి దక్కింది ఆ కాస్త తేడాయే. వినబడనివాడు శబ్దం పెంచితే పక్కవాడికి వినబడదు, అతడూ పెంచుతాడు. ఈ పోటీకి అంతు చెవులే. 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదనీ, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుందనీ వృత్తి ఆరోగ్య నిపుణులు పాటించే లెక్క ఒకటుంది. దాని ప్రకారం 100 డెసిబెళ్ళ దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. రిహార్సల్ గదిలో డ్రమ్ముల పక్కన ఆ పదిహేను నిమిషాలు శ్రుతి చేసుకోవడానికే సరిపోతాయి. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి, గిటార్ యాంప్లిఫయర్‌ను నేల మీది నుంచి ఎత్తి వాయించేవాడి చెవి వైపు వాల్చి పెట్టండి. మోకాళ్ళకు చెవులుండవు కనుక ఇంతకాలం అతడికి వినబడలేదు.

ఇంతవరకూ నవ్వుతూ వ్రాశాను. గాయకుడికి షాక్ కొట్టిన సంగతి దగ్గర నవ్వలేను, మీరూ నవ్వకండి. యాంప్లిఫయర్ ఝుమ్మనడమూ, పెదవికి షాక్ కొట్టడమూ రెండు వేరు ఉపద్రవాలని మీరు అనుకుంటున్నట్లుంది. బహుశా రెండూ ఒకే జబ్బు లక్షణాలు. గిటార్ తీగలు అతడి చేతిలో ఉన్నాయి, అవి గిటార్ కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఈ రెండు ఎర్త్‌లూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చినా, ఒకదానికి అసలు ఎర్తే లేకపోయినా, వాటి మధ్య విద్యుత్ పీడనం నిలుస్తుంది. పెదవి ఆనించగానే ఆ రెండింటినీ కలిపే తీగ మనిషి శరీరమే అవుతుంది. 1965 డిసెంబరులో శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ గిటార్ మైకు స్టాండుకు తగిలి, అతడు వేదిక మీదే స్పృహ తప్పి పడిపోయాడు; అదృష్టవశాత్తూ కోలుకున్నాడు. 1972 మే నెలలో స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ అనే బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ ఎర్త్ సరిగా లేని మైకును పట్టుకుని షాక్ కొట్టి మరణించాడు. మీ గాయకుడి అరుపుకు చప్పట్లు కొట్టిన జనానికి ఈ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. వేదిక ఎక్కిన నలుగురికీ తెలియాలి.

కనుక ఇవి తప్పనిసరి. వేదిక మీది యాంప్లిఫయర్లకూ మిక్సర్‌కూ కరెంటు ఒకే చోటు నుంచి, ఎర్త్ పరీక్షించిన ప్లగ్గు నుంచి తీసుకోవాలి. ఆ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేయాలి. 30 మిల్లీయాంపుల కరెంటు లీకయితే చాలు సరఫరాను తెంచేసే బ్రేకర్ ఆ లైనులో ఉండాలి. ఎవరైనా మైకు దగ్గరికి వెళ్ళేముందు విద్యుత్తును కొలిచే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల కొలతకు తిప్పి, ఒక ముల్లును గిటార్ తీగకూ మరొక ముల్లును మైకు జాలీకీ ఆనించి చూడాలి. ముల్లుల లోహాన్ని మాత్రం ముట్టుకోకూడదు. సున్నాకు దగ్గరగా ఏదో చిన్న అంకె చూపితే సరే, లేకపోతే ఆ కారణం తేలేదాకా ప్రదర్శన లేదు. ఝుమ్మనే మోత ఆగాలంటే ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా చెప్పేవారు ప్రతి వేదిక దగ్గరా ఒకరుంటారు. మోత నిజంగానే ఆగుతుంది, అందుకే ఆ సలహా ఇంకా బ్రతికి ఉంది. కానీ ఆ పిన్నుతో పాటు మనిషిని కాపాడే దారి కూడా పోతుంది. మోతను తగ్గించాలంటే గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్లు మార్చే డీఐ బాక్సు అనే చిన్న పెట్టె ద్వారా పంపి, ఆ బాక్సు మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. అది సంకేతపు ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు.

ఇప్పుడు మీ కలహం సంగతి. పైన చెప్పినవాటిలో ఒక్కదానికీ తప్పు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు లేదు, ఏమిటన్న ప్రశ్నకే ఉంది. మీరు మొదటి ప్రశ్నే వేసుకుంటూ కూర్చున్నారు. గాయకుడు మైకును నిందించి ఉంటాడు, గిటారిస్టు గాయకుణ్ణి, డ్రమ్మర్ నేలను. మీరు గడియారం చూపించి డ్రమ్మర్‌ను. ఆ చివరి మాట నా ఊహే, కానీ ప్రదర్శన మధ్యలో గడియారం చూసిన బేస్ గిటారిస్టు ఆ సంగతి మనసులో దాచుకుని ఉంటాడని నేను నమ్మలేను.

అల్పాయుష్షు గురించి మరీ దిగులు పడకండి. 1969లో ఎరిక్ క్లాప్టన్, స్టీవ్ విన్‌వుడ్, జింజర్ బేకర్, రిక్ గ్రెచ్ కలిసి బ్లైండ్ ఫెయిత్ అనే బ్యాండు పెట్టారు. నలుగురిలో ఎవరికీ వాయించడం రాదని అనడానికి లేదు. ఆ బ్యాండు ఒక ఆల్బం చేసి, ఆ ఏడాదిలోనే ముగిసిపోయింది. సెక్స్ పిస్టల్స్ 1975 నవంబరులో మొదటి ప్రదర్శన ఇచ్చి 1978 జనవరి మధ్యకల్లా విడిపోయారు. మొదటి ప్రదర్శన కూడా మధ్యలో కరెంటు తీసేయడంతోనే ఆగిందని చెబుతారు. వీరితో మిమ్మల్ని పోల్చడం నా ఉద్దేశం కాదు. ఎనిమిది నెలలు బ్రతికిందన్నది ఒక బ్యాండు మీద నింద కాదని మాత్రమే అంటున్నాను; ఆ ఎనిమిది నెలల తరువాత మూడేళ్ళపాటు మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే, అది నింద.

అందువల్ల వెళ్ళమనే నా సలహా, అయితే వాయించడానికి కాదు, ముందు మాట్లాడడానికి. గాయకుడికి ఫోన్ చేసి, వాయిద్యాలు లేకుండా నలుగురూ ఒకచోట కూర్చోవాలని చెప్పండి. ఆ కూర్చోవడంలో మొదట తేలవలసింది మిక్సర్. అది ఇప్పుడు ఎవరింట్లో ఉందో మీరు వ్రాయలేదు కానీ, మూడేళ్ళుగా దాని మీద బట్టలు ఆరవేస్తున్నారని నాకు గట్టి నమ్మకం. దాని నేటి పాత ధర కట్టి, ఉంచుకునేవారు మిగిలిన ముగ్గురికీ తలా నాలుగోవంతు ఇవ్వాలి. ఎవరికీ అక్కరలేకపోతే అమ్మి నలుగురూ పంచుకోవాలి. ఇకపై ఏది ఎవరిదో, ఏది ఉమ్మడిదో ఒక కాగితం మీద వ్రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. స్నేహితుల మధ్య కాగితమేమిటని గిటారిస్టు అనవచ్చు; కాగితం లేనందువల్లనే మూడేళ్ళుగా స్నేహం లేదని అతడికి మెల్లగా చెప్పండి. బ్యాండు పేరు సంగతి ఆ రోజు ఎత్తకండి. అదొక్కటే ఒక సాయంత్రాన్ని మింగేస్తుంది.

డబ్బు సంగతి తేలితే ఒకే ఒక రిహార్సల్ పెట్టుకోండి, అందులో పాటలు సాధన చేయకండి. పాటలు మీకు వచ్చు. వేదిక కట్టడం సాధన చేయండి: కరెంటు, ఎర్త్, మల్టీమీటర్, స్పీకర్ల చోటు, కార్పెట్, ఒక్కొక్క మైకునూ విడిగా వినడం, శ్రుతి, ఆ తరువాత ఒక్క పాట, అదీ మాట్లాడుకుంటే వినబడేటంత తక్కువ శబ్దంలో. ఇదంతా గంటలో చేయగలిగేదాకా మళ్ళీ మళ్ళీ విప్పి కట్టండి. షాక్ తిన్నవాడు గాయకుడు కనుక మల్టీమీటర్ అతడి చేతికే ఇవ్వండి. ఎవరూ గుర్తు చేయకుండానే చూసుకుంటాడు. దీనికి విసుగు పడేవారు నలుగురిలో ఇద్దరున్నా మీరు మర్యాదగా సెలవు తీసుకోవచ్చు, అప్పుడు మరిచిపొమ్మనే చెబుతాను.

ఆ అయిదవ మనిషిని ఎక్కడి నుంచి తెస్తారన్నది మిగిలింది. మీకు తెలిసినవారిలో సౌండు పని తెలిసినవారు దొరికితే మంచిదే. దొరికేదాకా ఆ పని మీరే చేయాలని నా అభిప్రాయం. డ్రమ్ము పాటకు ఎంత జరిగిందో, పాట ఎన్ని నిమిషాలు పట్టిందో, ఏ అరుపు పల్లవిలో ఎక్కడ పడిందో బేస్ వాయిస్తూ కూడా లెక్కపెట్టిన మనిషి మీరు; బ్యాండులో వినేవారు ఒక్కరూ లేరని మొదట్లో అన్న మాటను ఆ మేరకు దిద్దుకుంటాను. విన్నారు, కానీ వినేవారిగా మిమ్మల్ని ఎవరూ నియమించలేదు, మీరూ ఆ సమయంలో నోరు విప్పలేదు. పది మీటర్ల పొడవున్న గిటార్ కేబుల్ ఒకటి కొనుక్కుని, ప్రదర్శనకు ముందు శబ్దం సరిచూసుకునే సౌండ్ చెక్ జరిగినంతసేపూ బేస్ భుజాన ఉండగానే వేదిక దిగి, జనం నిలబడే చోట నిలబడి వాయించండి. అక్కడి నుంచి గాయకుడి మాటలు తెలియకపోతే గిటార్ తగ్గించమనండి, మీ బేస్ ఎక్కువైతే ముందు అదే తగ్గించుకోండి. మీ బేస్ తగ్గించుకోవడం మిగిలినవారు చూస్తే, తమవి తగ్గించుకోవడానికి పెద్దగా వాదించరు.

డ్రమ్ము దూకి పారిపోయిందని చెప్పుకునే స్నేహితులను సరిదిద్దే ప్రయత్నం చేయకండి. వారు చెప్పే కథ మీ కథ కంటే బాగుంది, పైగా మళ్ళీ ప్రదర్శన ఇస్తే ఆ డ్రమ్మును చూడడానికైనా వస్తారు. కార్పెట్ మాత్రం మీరే తీసుకువెళ్ళండి. డ్రమ్మర్ తెస్తానంటాడు, మరిచిపోతాడు.